ఆటకు ముందు మెరిసే పేరు

టీవీలో పాత విజయా వారి సినిమా మొదలవుతోందంటే ఇంట్లో పెద్దవాళ్లు ముందు చూసేది హీరోని కాదు, రెపరెపలాడే ఆంజనేయుడి జెండాని! అది కనపడగానే సినిమా మీద సగం నమ్మకం కుదిరిపోయేది. సురేష్ ప్రొడక్షన్స్ అంటే 'ఎస్', 'పీ' అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు గుర్తొస్తారు. (వాళ్లు నిర్మాత రామానాయుడి కొడుకులే.) సినిమా తీసినవాళ్లని అలా బొమ్మతో సహా గుర్తుపెట్టుకున్నాం. మరి వీడియో గేమ్ తయారుచేసినవాళ్లని?

1990ల్లో రూపాయి బిళ్లలు పట్టుకుని వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరిగిన కుర్రాళ్లని అడగండి. 'ముస్తఫా' గేమ్ అని ఠక్కున చెబుతారు. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని, 1993లో క్యాప్‌కామ్ తయారుచేసిందని ఎంతమందికి తెలుసు? పాపం వాళ్ల తప్పు కాదు. అప్పట్లో నకలు బోర్డులకు కొదవ లేదు. ఆటని కాపీ కొట్టినవాడు ముందు చేసే పని అసలు కంపెనీ పేరు చెరిపేయడమే.

ఆ షాపుల్లోనే ఇంకో మిషన్ ఉండేది. తెల్లటి తెర మీద 'నియో జియో' అక్షరాలు కదులుతూ వచ్చి నిలబడేవి. చిన్న బాణీ ఒకటి మోగేది. కింద 'మ్యాక్స్ 330 మెగా' అని పడేది. ఎంత గొప్పగా ఉండేదో! నిజానికి అవి మెగాబిట్లు. లెక్కేస్తే 41 మెగాబైట్లు. ఇవాళ ఫోన్లో తీసిన చిన్న పెళ్లి వీడియో అంతకన్నా ఎక్కువే తూగుతుంది. ఆ గుర్తు పెద్ద కంపెనీ ఎస్‌ఎన్‌కేది.

'మెటల్ స్లగ్'లో మాత్రం దాని తర్వాత ఇంకో పేరు మెరుస్తుంది. నజ్కా! బుజ్జి ట్యాంకు, తుపాకీ పట్టిన సైనికుడు, చేత్తో చుక్క చుక్కా పేర్చిన బొమ్మలు... ఆ ఆటని తయారుచేసిన చిన్న కంపెనీ అది. జపాన్‌లోని ఐరెమ్ సంస్థ 1994లో గేముల తయారీ ఆపేస్తే, అక్కణ్నుంచి బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్నారు. 1996లో ఒక గోల్ఫ్ ఆట, ఒక మెటల్ స్లగ్ వచ్చాయి. అంతే, ఎస్‌ఎన్‌కే దాన్ని తనలో కలిపేసుకుంది. 1998లో వచ్చిన రెండో భాగంలో ఎస్‌ఎన్‌కే పేరే ఉంది.

సారపాక వాళ్లకి ఈ బాధ వేరే చెప్పాలా? కాగితం మిల్లు ఉన్నది గోదావరికి ఇవతల, సారపాకలో. లోకమంతా దాన్ని పిలిచేది మాత్రం అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం పేరుతో! మీ పిల్లల నోటు పుస్తకంలో ఆ మిల్లు కాగితమే ఉండొచ్చు. అట్ట తిప్పి చూస్తే కంపెనీ పేరు ఉంటుంది. ఊరి పేరు, రాత్రి షిఫ్టు చేసినవాళ్ల పేరు ఎక్కడుంటాయి?

గేముల్లో మనుషుల పేర్ల సంగతి మరీ విచిత్రం. జపాన్ కంపెనీలు చాలావరకు ఉద్యోగుల అసలు పేర్లు వేయనిచ్చేవి కావు. మంచి పనివాణ్ని పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందని భయం. అందుకే ఆట చివర ముద్దుపేర్లే ఉండేవి. మెటల్ స్లగ్ బొమ్మలు గీసినాయన్ని అభిమానులు ఇప్పటికీ 'అకియో' అనే అంటారు. అలాంటప్పుడు మొదట్లో మెరిసే ఆ కంపెనీ గుర్తొక్కటే వాళ్లందరి ఉమ్మడి సంతకం.

ఎస్‌ఎన్‌కే కూడా 2001లో దివాలా తీసింది. తర్వాత వేరే చేతుల్లో మళ్లీ లేచింది. మెటల్ స్లగ్ కంప్యూటర్లలోకీ, ఫోన్లలోకీ వచ్చేసింది. మీవాడు ఆడుతుంటే మొదట్లో గబగబా బటన్ నొక్కేయకుండా ఒక్క క్షణం ఆగమనండి. మొదటి భాగమే సుమా!