తప్పు టైప్ చేసినవాడిది కాదు, రాసినవాడిది



ఈసారి కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. ‘ఇది మాకెందుకు భాయ్’ అనుకోకండి. ఇప్పుడు మన ఖాందాన్‌లలో ఎవరో ఒకరు ఈ పనిలో ఉంటున్నారు. ఒకరు ప్రోగ్రాం రాస్తుంటే ఇంకొకరు దాని ముందు రాత్రి డ్యూటీ కూర్చుంటున్నారు. ఆ రాసినవాడికీ, కూర్చున్నవాడికీ మధ్య జరిగే గుఫ్తగూ గురించే ఈ మాట. అందులో తేడా వస్తే నష్టపోయేది ఫోన్ అవతల ఉన్న మూడో మనిషి. మా ఇంట్లో అదే జరిగింది.

మూడేళ్ల కిందట, ఫిబ్రవరి ఆఖరు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు పోటెత్తే మౌసమ్. పల్నాడులోనూ ప్రకాశంలోనూ కోసిన కాయ ఇంకా కల్లాల్లో ఎండుతోంది. ఎండే కాయ మీద ఒక్క వాన పడితే రంగు పోతుంది, ధర పడిపోతుంది. ఏడాది మెహనత్ ఒక్క రాత్రిలో పోతుంది.

ఒక కమీషన్ దుకాణం వాళ్ల కోసం నేను సీ భాషలో చిన్న టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ రాశాను. సాయంత్రం రైతులకు ఫోన్ చేసి ఆ రోజు ధరలు చెబుతుంది. వాన ఖబర్ ఉంటే రాత్రి ఏ వేళైనా లేపి ‘పట్టలు కప్పుకోండి’ అని చెబుతుంది. పీఆర్ఐ లైను ఒకటి తీసుకున్నాం. దాని మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. దీనికి రంగుల స్క్రీన్ ఏమీ లేదు. నల్లటి తెర మీద మాట టైప్ చేస్తే పని జరుగుతుంది, జవాబు వస్తుంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది మా ఖాలా కొడుకు, ఇరవై రెండేళ్ల పిల్లాడు. రెండు గంటలకు వాన కబురు వచ్చింది. కాల్స్ మొదలుపెట్టాడు. తెరంతా అక్షరాలతో నిండిపోయింది. శుభ్రం చేద్దామని ‘క్లియర్’ అని కొట్టాడు. ఏ లినక్స్ మెషీన్ మీదైనా ఆ మాట తెరను తుడుస్తుంది. కాలేజీలో వాడికి నేర్పింది కూడా అదే. కానీ నా ప్రోగ్రాంలో ‘క్లియర్’ అంటే నడుస్తున్న కాల్స్ అన్నీ కట్ చేయడం. టెలిఫోన్ ఇంజనీర్ల జబాన్‌లో కాల్ ముగించడాన్ని ‘కాల్ క్లియరింగ్’ అంటారు. పుస్తకాల్లో చదివిన ఆ మాటనే నేను పెట్టేశాను.

28 కాల్స్ సగంలో తెగిపోయాయి. నా ప్రోగ్రాం ఇచ్చిన జవాబు ఒకే ఒక్క ముక్క: ‘ఓకే’. అంతటితో ఆగలేదు. ఫోన్ మోగగానే ‘ఈ రైతుకు చెప్పేశాం’ అని గుర్తు పెట్టేలా రాశాను నేను. వాడు లిస్టు మళ్లీ నడిపినా ఆ 28 మందికి ఫోన్ వెళ్లలేదు. తెల్లవారుజామున వాన పడింది. ఆ 28 కల్లాల్లో ఒకటి మా మామూది, అదీ కౌలు భూమిలో పండించిన పంట.

మరునాడు అందరూ పిల్లాడినే తిట్టారు. ‘చూసుకుని కొట్టొద్దూ’ అని నేనూ అన్నాను. మామూ మాత్రం నన్నే అడిగాడు: ‘ఆ మాటకు అర్థం అదని వాడికి ఎవరైనా చెప్పారా బేటా?’ నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి నా రాయ్ ఇదే. కమాండ్ లైన్‌లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చున్నవాడివి కావు. ఆ మాటలు ఎంచినవాడివి. జిమ్మేదారీ మనదైనప్పుడు ఇల్జామ్ పక్కవాడి మీద వేయడం నాఇన్సాఫీ.

సీ భాషకూ టెలిఫోన్‌కూ రిష్తా పాతది. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ సీ భాషను తయారుచేసిన బెల్ ల్యాబ్స్, అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్ల పరిశోధనశాల. ఈ భాష ఎంత పదునైనదో చెప్పడానికి అదే కంపెనీలో 1990 జనవరి 15న జరిగింది చాలు. స్విచ్‌ల సాఫ్ట్‌వేర్‌లో ‘బ్రేక్’ అన్న ఒక్క మాట తప్పు చోట పడింది. ఒక స్విచ్ పడిపోయి లేస్తూ పక్కవాటిని పడగొట్టింది. మొత్తం 114 స్విచ్‌లు అలా పడుతూ లేస్తూ ఉంటే దూర ప్రాంతాల కాల్స్ 9 గంటల పాటు అస్తవ్యస్తమయ్యాయి. అది ప్రోగ్రాం లోపల పడ్డ మాట, నాది వాకిట్లో పెట్టిన మాట. రెండింటి వల్లా తెగింది మనుషుల మాటే.

మన దేశంలోనూ ఈ కథ ఉంది. 1984లో ఏర్పడిన సీ-డాట్ తయారుచేసిన పల్లె ఎక్స్‌ఛేంజి, 128 పోర్టులది, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఏసీ లేని గదిలో, ఎండలో, దుమ్ములో నడవాలని దాన్ని అలా కట్టారు. మెషీన్ ఎక్కడ ఉండబోతుందో ముందే ఆలోచించారు. కమాండ్ రాసేవాడు కూడా అంతే ఆలోచించాలి. మెషీన్ ముందు కూర్చునే మనిషి ఎలాంటి గదిలో, ఏ వేళప్పుడు, ఎంత నిద్రతో ఉంటాడో గుర్తుంచుకోవాలి.

ఈ విషయంలో నాకు ఉస్తాద్ ఆస్టరిస్క్. మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు 1999లో తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే స్థోమత లేక సీ భాషలో తనే రాసుకున్నాడు. ఉచితంగా దొరుకుతుంది, కోడ్ ఎవరైనా తెరిచి చదవచ్చు. దాని కమాండ్లను చూసి నేను నేర్చుకున్న అదబ్ ఇది.

మొదటిది, ఆపడం. ఆస్టరిస్క్‌ను ఆపాలంటే ‘కోర్ స్టాప్’ అని ఊరుకుంటే చాలదు, ఎలా ఆపాలో చెప్పాలి. ‘నౌ’ అంటే ఉన్నపళంగా, కాల్స్ తెగినా సరే. ‘గ్రేస్‌ఫుల్లీ’ అంటే కొత్త కాల్స్ తీసుకోకుండా, నడుస్తున్నవి వాటంతట అవి ముగిశాక. ‘వెన్ కన్వీనియెంట్’ అంటే కొత్తవి కూడా తీసుకుంటూ, ఒక్క కాల్ కూడా లేని నిమిషం చూసి. మధ్యలో మనసు మారితే ‘కోర్ అబార్ట్ షట్‌డౌన్’ ఉంది. నష్టం చేసే మాటకు ఆ నష్టం పేరులోనే కనిపించాలన్నది ఇందులోని సబక్.

మా దాదా నూర్‌బాషా పనివాడు. పరుపుల దూది ఏకేవాడు. ధునకీ తీగ మీద మొదటి దెబ్బ వేసే ముందు ‘జరగండమ్మా, దూది ఎగురుతుంది’ అని ఇంటివాళ్లకు చెప్పి, వాళ్లు జరిగాకే కొట్టేవాడు. నా ‘క్లియర్’లో ఆపాటి తమీజ్ కూడా లేకపోయింది.

రెండోది, జవాబులో నిజాయితీ. ఆస్టరిస్క్‌లో ఒక కాల్‌ను కట్ చేసే కమాండ్ పేరు ‘ఛానల్ రిక్వెస్ట్ హ్యాంగప్’. అంటే ‘కట్ చేయమని అడిగాను’ అని. పని పూర్తయిందని గొప్పలు పోదు. నా ‘ఓకే’ ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. ‘28 కాల్స్ కట్ అయ్యాయి’ అని ఉంటే పిల్లాడికి రెండు గంటలకే తెలిసేది, వాన పడేలోపు ఆ 28 మందికీ మళ్లీ ఫోన్ వెళ్లేది. రైతు ఖబర్ పూర్తిగా విన్నాకే గుర్తు పెట్టి ఉంటే ఆ మాత్రం కూడా అక్కరలేకపోయేది.

మూడోది, మాటా దాని అర్థమూ ఒకేచోట ఉండటం. ఆస్టరిస్క్‌లో ప్రతి కమాండ్‌కూ సీలో ఒక ఫంక్షన్ రాస్తారు. దాని పేరు, వాడే తీరు అడిగినా, ట్యాబ్ నొక్కినప్పుడు మిగతా మాట అందించమన్నా, అసలు పని చేయమన్నా పిలిచేది ఆ ఒక్క ఫంక్షన్‌నే. చేసిన పని మారితే పక్కనే ఉన్న వివరణ కంటపడుతుంది. చివర్లో అది చెప్పే ఫలితం మూడు రకాలు: అయింది, కాలేదు, లేదా ‘నువ్వు అడిగిన తీరు సరిగా లేదు, ఇలా అడుగు’. ఈ మూడోది నాకు చాలా పసంద్. తప్పుగా అడిగినవాడికి దారి చూపించడం అది.

నాలుగోది, అడిగినవాడికే జవాబు. అసలు ప్రోగ్రాం వెనుక నడుస్తూ ఉంటుంది. కన్సోల్ బయటినుంచి వచ్చి దానికి తగులుకుంటుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు తగులుకోవచ్చు. అందుకని ప్రింట్‌ఎఫ్‌తో తెర మీద పోసేయకుండా, ఏ కన్సోల్ అడిగిందో దానికే రాయాలి. ‘ఎగ్జిట్’ అంటే ఆ కన్సోల్ మాత్రమే వెళ్లిపోవాలి, ఫోన్లు నడుస్తూనే ఉండాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కాల్స్ లిస్టుకు తాళం వేసి, దాన్ని నెమ్మదైన లైను మీద నింపాదిగా ప్రింట్ చేస్తూ కూర్చుంటే, అంతసేపూ కొత్త కాల్స్ గుమ్మం దగ్గరే ఇంతిజార్ చేస్తాయి. నకలు తీసుకుని తాళం వదిలేసి, తర్వాత తీరిగ్గా ప్రింట్ చేయాలి.

ఐదోది మన ఇలాఖా నాకు నేర్పింది. రాత్రి ఏదైనా అయితే పిల్లాడు నాకు ఫోన్ చేస్తాడు, ఏం కొట్టాలో నేను నోటితో చెబుతాను. సిగ్నల్ తెగుతూ ఉంటుంది. అప్పుడు ‘అండర్‌స్కోర్, కాదు కాదు, హైఫన్, పెద్ద ఎస్’ అంటుంటే ప్రాణం పోతుంది. కమాండ్ అంటే ఫోన్‌లో చెబితే అవతలివాడు తప్పు లేకుండా కొట్టగలిగే మాట అయి ఉండాలి. మామూలు మాటలు, చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు చాలు.

మరి తెలుగు? కమాండ్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నా, ప్రమాదం గురించిన మాట మాత్రం చదివేవాడి భాషలో ఉండాలని నా జిద్. ఇక్కడ సీ భాష ఒక చిక్కు పెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. ‘మిర్చి’ మన కంటికి రెండు అక్షరాలు, కంప్యూటర్‌కు గుణింతాలూ ఒత్తూ కలిపి 6 గుర్తులు. స్ట్రింగ్ పొడవు కొలిచే ఫంక్షన్‌ను అడిగితే 18 అంటుంది. ఆ లెక్కతో పట్టిక గీస్తే వరసలన్నీ ఒరిగిపోతాయి. అందుకని పట్టికలు ఇంగ్లిష్‌లో వదిలేశాను. హెచ్చరికలను తెలుగులో, పట్టిక లేకుండా పూర్తి వాక్యాలుగా రాశాను.

నా దోస్తులు కొందరు దీనికి ఎతిరాజ్ చెబుతారు. కమాండ్ లైన్ తెలిసినవాళ్ల కోసం, అడుగడుగునా ‘నిజంగానా’ అని అడిగితే పని సాగదు అంటారు. అడుగడుగునా అడగమని నేనూ అనను. చూసే కమాండ్ ఏదీ అడగకూడదు. తెంచే కమాండ్ మాత్రం అడగాలి. అది కూడా ‘వై’ కొట్టమని కాదు. నిద్రలో ఉన్న వేలు ‘వై’ని అలవాటుగా కొట్టేస్తుంది. ఎన్ని కాల్స్ తెగుతాయో చెప్పి ఆ సంఖ్యే కొట్టమనాలి. 28 అని కొట్టాలంటే 28 అని చదవాలి కదా.

బొమ్మల స్క్రీన్ చేసేస్తే పోలా అంటారు ఇంకొందరు. పగలు ఆఫీసులో అది బాగుంటుంది. రాత్రి పల్లెలో, చేతిలో ఫోన్, ఒక్క గీత సిగ్నల్. అప్పుడు పేజీ తెరుచుకోదు, అక్షరాలు మాత్రం వస్తాయి. పైగా బొమ్మ మీద ‘క్లియర్’ అని రాసి ఉన్నా అదే గలతీ జరుగుతుంది.

ఇప్పుడు నా ప్రోగ్రాంలో ‘క్లియర్’ తెరను మాత్రమే తుడుస్తుంది. కాల్స్ ఆపేందుకు ‘డ్రాప్ ఆల్ కాల్స్’ అని వేరే మాట పెట్టాను. అది కొడితే తెలుగులో అడుగుతుంది: ‘28 మంది రైతులు లైనులో ఉన్నారు. వాళ్లందరి కాల్ తెగిపోతుంది. తెంచాలంటే 28 అని కొట్టండి.’ పాత మాటల్లో దేన్నీ చెప్పకుండా తీసేయను. కొన్నాళ్లు రెండూ నడుస్తాయి, పాతది కొట్టినప్పుడు కొత్తదాన్ని గుర్తు చేస్తుంది. ఈ మార్పులన్నీ పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకునే చేశాను. ప్రతి మాటకూ ‘ఇది ఏం చేస్తుందనుకుంటున్నావు’ అని ముందు వాడినే అడిగాను. వాడి జవాబూ నా కోడూ వేరైన చోటల్లా కోడ్ మార్చాను. అందరి ముందు వాడికి మాఫీ కూడా చెప్పాను. మామూకు జరిగిన నుక్సాన్‌లో నా వంతు పెట్టుకున్నాను.

ప్రోగ్రాంలు రాసే మన బచ్చాలకు నా గుజారిష్ ఒక్కటే. మీ కమాండ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఆ పని తెలియని మనిషికి చదివి వినిపించండి. ఆపాకో, పక్కింటి భాయ్‌కో. ఏది ఏం చేస్తుందో వాళ్లు చెప్పినదాన్ని రాసుకోండి. అలాగే రాత్రి డ్యూటీ చేసే పిల్లల అమ్మీ అబ్బాలకు ఒక మాట. మీ వాడు ‘నా వల్ల తప్పు జరిగింది’ అని తలదించుకుని ఇంటికొస్తే, తిట్టే ముందు మా మామూ అడిగిన సవాల్ అడగండి.