ఊరు అనాథ కాదు, దత్తత తీసుకోడానికి

కొన్నేళ్ల కిందట మా మండలంలో ఒక ఊరికి కాలేజీ పిల్లలు సేవా శిబిరానికి వచ్చారు. ఏడు రోజులు బడిలో బస చేశారు. దళితవాడలో వీధులు ఊడ్చారు, మొక్కలు నాటారు, పరిశుభ్రత గురించి ఉపన్యాసాలిచ్చారు. పిల్లలు మంచివాళ్లే, పాపం చెమటోడ్చారు. నాలుగో రోజున ఒక పెద్దమ్మ తన జాబ్‌కార్డు పట్టుకొచ్చి, "మా వీధి మేం ఊడ్చుకుంటాం గానీ నాయనా, ఇందులో ఏం రాశారో చదివి పెట్టు" అంది. ఆమె పన్నెండు రోజులు మట్టి మోసింది. కార్డులో ఉన్నవి ఏడు రోజులే. చదివిన కుర్రాడికి నోట మాట రాలేదు. వెంట వచ్చిన మాస్టారు "అది మన పని కాదు, పదండి" అన్నారు. ఆఖరి రోజు ఫొటోలు దిగి బస్సెక్కారు. మొక్కలు ఎండాకాలం దాటలేదు.

మరి అది ఎవరి పని? మేం అడిగేది ఈ ఒక్క మాటే.

కాలేజీలకూ ఊళ్లకూ సంబంధం ఉండాలన్నది కొత్త సంగతి కాదు. 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం అన్నారు. "నేను కాదు, నువ్వు" అని నినాదం పెట్టారు. 2014లో కేంద్రం ఉన్నత్ భారత్ అభియాన్ తెచ్చింది. ఒక్కో విద్యాసంస్థ అయిదేసి ఊళ్లను దత్తత తీసుకోవాలంది.

దత్తత అన్న మాట దగ్గరే మాకు పేచీ. తల్లీతండ్రీ లేని బిడ్డను దత్తత తీసుకుంటారు. ఊరికి మనుషులున్నారు, గ్రామసభ ఉంది, కూలి సంఘం ఉంది. వాళ్లనెవరినీ అడక్కుండా ఊరికి ఏం కావాలో కాలేజీలో కూర్చుని రాస్తే దాన్ని భాగస్వామ్యం అంటారా? కాలేజీకి గ్రేడు వేసేటప్పుడు ఊళ్లో చేసిన సేవకూ మార్కులుంటాయి. మార్కులు కాలేజీకి, ఫొటోలు పేపరుకి. ఊరికి మిగిలిందేమిటి?

ఇంకో దారి ఉందని మన గడ్డ మీదే రుజువైంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ ఏడే ఆ జిల్లాలో పాదయాత్రలతో సామాజిక తనిఖీ జరిగింది. తర్వాత రాష్ట్రమంతా అదే పద్ధతి వచ్చింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే తర్ఫీదిచ్చారు. వాళ్లు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఎన్ని రోజులు చేశావు, ఎంత అందింది అని అడిగి రాసుకున్నారు. గ్రామసభలో లేచి నిలబడి చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల మీద వేసిన హాజర్లు కూడా బయటపడ్డాయి. తిన్నదంతా కక్కించారని మేం అనం. రాబట్టింది తక్కువే. కానీ కూలోళ్ల బిడ్డ అధికారి ముందు లెక్క అడిగింది. నాయకత్వం అంటే మాకు తెలిసింది అదే. అది ఉపన్యాసాలు వింటే రాదు.

చదువు జనం చేతికి ఆయుధంగా వస్తుందంటే పాలకులకు ఎప్పుడూ గుబులే. 1937లో కొత్తపట్నంలో యువకులకు వేసవి రాజకీయ పాఠశాల పెడితే నాటి ప్రభుత్వం నిషేధించింది, లాఠీలు ఆడించింది. వీధులూడ్చే శిబిరాన్ని ఎవరూ నిషేధించరు.

ఇప్పుడీ పని మరీ అవసరం. 2005 నాటి ఉపాధి చట్టాన్ని తీసేసి 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజులన్నారు. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలూ పెట్టారు. ఖర్చులో 40 శాతం మన రాష్ట్రాల నెత్తిన వేశారు. నాట్లప్పుడు పని ఆగితే కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారో కూలోళ్లకు వేరే చెప్పాలా? అయినా ఈ చట్టాన్ని తెలుగులో చదివి, అర్థమయ్యేలా చెప్పేవాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారు?

మన మండలాల్లో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది తల్లులు కలుపు తీసేవాళ్లే. వాళ్లు ఊరికి అతిథులు కారు. కాలేజీలు వాళ్లను వాళ్ల ఊరి పనికే పంపాలి. మేం కోరేవి నాలుగు. శిబిరంలో ఏం చెయ్యాలో గ్రామసభ, కూలి సంఘం చెప్పాలి. ఏడు రోజులతో సరిపెట్టక ఏడాది పొడవునా రాకపోకలుండాలి. చదువు మధ్యలో ఆగిపోయిన ఊరి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, కాలేజీ పిల్లలతో సమానంగా తర్ఫీదులో కూర్చోబెట్టాలి. పనిరోజు పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి.

మాస్టర్లకు మా మనవి ఒకటే. "అది మన పని కాదు" అనకండి. సంఘం కార్యకర్తలకూ చెబుతున్నాం. కాలేజీ పిల్లలొస్తే పొలిమేరలోనే అనుమానంగా చూడొద్దు. చీపురు పక్కన పెట్టించి చేతికి మస్టరు ఇవ్వండి. "నేను కాదు, నువ్వు" అనేది మాకొద్దు. నువ్వూ నేనూ కలిసి లెక్క అడుగుదాం.