85 నుంచి 25కు దిగిన లెక్క

2020 మే నెల. కరోనా లాక్‌డౌన్ నడుస్తున్నది. బడులు, కాలేజీలు మూతబడ్డయి. వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకొని నాగపూర్ రోడ్డు పట్టి నడుస్తున్నరు. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలంగాణలో ఐదు ప్రైవేట్ విశ్వవిద్యాలయాలకు సర్కారు అనుమతి ఇచ్చింది. బహదూర్‌పల్లిలో మహీంద్రా, సదాశివపేట దగ్గర కంకోల్‌లో వోక్సెన్, మైసమ్మగూడలో మల్లారెడ్డి, ఘట్‌కేసర్ మండలం వెంకటాపూర్‌లో అనురాగ్, వరంగల్ దగ్గర అనంతసాగర్‌లో ఎస్సార్. చర్చ లేదు, ధర్నా లేదు. ధర్నా చేద్దామన్నా నలుగురు ఒక్క జాగల నిలబడే వీలు లేని కాలం. ఆ తర్వాత సెప్టెంబర్‌లో అసెంబ్లీ ముద్ర కూడా పడ్డది. ఈ ఐదింటిలో రెండింటి వెనుక ఉన్నది అప్పటి అధికార పార్టీ నాయకులే. ఒకరు మంత్రి, ఇంకొకరు ఎమ్మెల్సీ. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఒక్క బల్ల కాడనే ఉన్నయన్నమాట.

ఈ వ్యవహారానికి పునాది 2018లోనే పడ్డది. రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, మార్చి నెలలో, ప్రైవేట్ విశ్వవిద్యాలయాల బిల్లును అప్పటి ఉప ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి కడియం శ్రీహరి సభ ముందు పెట్టిండ్రు. మన పిల్లలు చదువుల కోసం పక్క రాష్ట్రాలకు పోతున్నరు, ఆ పైసలు ఇక్కడనే ఉంటయి అన్నది వాదన. బిల్లు పాసయింది. అందులో ఒక అంకె ఉన్నది. ఉద్యమంలో తిరిగిన ప్రతి ఒక్కరూ ఆ అంకె దగ్గర ఆగి చూడాలె. సీట్లలో 25 శాతం తెలంగాణ స్థానిక విద్యార్థులకు కేటాయిస్తరట!

స్థానికత అనే మాట కోసం తెలంగాణ ఎన్ని తరాలు కొట్లాడిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు. 1969లో ముల్కీ నిబంధనల కోసమే పొల్లగాండ్లు తూటాలకు ఎదురు నిలిచిండ్రు. ఆ మంటను చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంట 371-డి వచ్చింది, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. సీట్లలో 85 శాతం స్థానికులకు, 15 శాతం అన్‌రిజర్వుడు. ఆ 15 శాతాన్ని స్థానికేతరులు తన్నుకపోతున్నరని మనం ఎన్ని వ్యాసాలు రాసుకున్నం, ఎన్ని రౌండ్ టేబుళ్లు పెట్టుకున్నం! 2025లో ఆ 15 శాతాన్ని కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేస్తూ సర్కారు ఉత్తర్వులు ఇచ్చింది. మంచిదే. కానీ 15 శాతం కోసం అర్ధ శతాబ్దం పంచాయితీ నడిపిన సమాజం, 2018లో ఒక్క చట్టంతోటి 75 శాతం తలుపు బార్లా తెరిచి పెడితే గమ్మున ఎట్ల ఊరుకున్నది? వలస పాలకులు ఉన్నప్పుడు ఇటువంటి చట్టం వచ్చి ఉంటే ఆర్ట్స్ కాలేజీ ముందు ఏమయ్యేదో మనకు తెల్వదా?

కాలేజీ విశ్వవిద్యాలయంగా మారడమంటే గేటు మీద బోర్డు మారడం ఒక్కటే కాదు. ఇంజనీరింగ్ కాలేజీ జేఎన్టీయూ కింద ఉన్నంత కాలం 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో నిండాలె. ప్రవేశ పరీక్ష ర్యాంకు, రిజర్వేషన్, కౌన్సెలింగ్. ఫీజు ఎంతన్నది ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ చెప్తది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఫీజంతా సర్కారు కడ్తది. బీసీ పిల్లగానికి పది వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం, ఆపై ర్యాంకయితే 35 వేల రూపాయలు రీయింబర్స్‌మెంట్ వస్తది. సకాలంలో రాదు, బకాయిలు ఏండ్ల తరబడి పేరుకపోతయి, అది వేరే ఏడుపు. కానీ హక్కు అనేది ఒకటి ఉన్నది.

అదే కాలేజీ విశ్వవిద్యాలయం అయిన మరుక్షణం ఇవన్నీ రాలిపోతయి. కన్వీనర్ కోటా ఉండదు. ఫీజు వాళ్లే నిర్ణయించుకుంటరు. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల మాటే 2018 చట్టంలో లేదు. పాత విద్యార్థులు జేఎన్టీయూ కిందనే చదువు పూర్తి చేసుకుంటరు, కొత్త బ్యాచ్ నుంచి లెక్క మారుతది. 2020లో అనుమతి పొందిన ఐదింటిలో మూడు అప్పటికే నడుస్తున్న ఇంజనీరింగ్ కాలేజీలు. అంటే అవి కొత్తగా పుట్టిన సీట్లేం కావు. నిన్నటిదాకా పేదోని బిడ్డకు కౌన్సెలింగ్‌లో అందిన సీట్లే. ఘట్‌కేసర్‌లో ఆటో నడిపేటాయన బిడ్డ తన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న క్యాంపస్‌ను వదిలిపెట్టి, ర్యాంకు చేత పట్టుకొని ఇంకో దిక్కు బస్సు ఎక్కాలె.

ఇంక పెరగడమంటరా, ఆ దారి సులువైనది. విశ్వవిద్యాలయాలు కోర్సు పెట్టాలంటే ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర లేదని భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ తీర్పు తమిళనాడులోని ఒక సర్కారీ విశ్వవిద్యాలయం వేసిన కేసులో వచ్చింది. ఫలితం మాత్రం దేశమంతటి ప్రైవేట్ వాళ్లకు పంచభక్ష్య పరమాన్నమైంది. కాలేజీగా ఉన్నప్పుడు ఒక్కో సెక్షన్ కోసం ఢిల్లీ చుట్టూ, కూకట్‌పల్లి చుట్టూ తిరిగిన యాజమాన్యం, వర్సిటీ అయినంక డిమాండు ఉన్న కాడికి సీట్లు పెంచుకోవచ్చు. ఆ డిమాండు ఎక్కడుంటదో అందరికీ ఎరుకే. కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల కోర్సులు. తెలుగు, చరిత్ర, ఉర్దూ శాఖలు పెట్టమని వాళ్లను అడిగేటోడు లేడు. కాకతీయుల గడ్డ మీద వెలిసిన ప్రైవేట్ వర్సిటీ కాకతీయుల చరిత్ర మీద పరిశోధన చేయిస్తదని ఆశపడేంత అమాయకులం కాదు గానీ, విశ్వవిద్యాలయం అన్న పేరుకు ఒక అర్థం ఉండాలె కదా.

కొత్త రాష్ట్రానికి ఈ మోజు కొత్తది కాదు. 2000లో మూడు చిన్న రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు మనమే వాటిని ఉదాహరణగా చూపించి, వాళ్లకు వచ్చింది మాకెందుకు రాదని అడిగినం. వాటిలో ఛత్తీస్‌గఢ్ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలె. పుట్టిన రెండేండ్లకే, 2002లో, ఒక చట్టం తెచ్చి గెజిట్ నోటిఫికేషన్‌తోటే విశ్వవిద్యాలయాన్ని పుట్టించే పద్ధతి పెట్టింది. భవనం లేదు, గ్రంథాలయం లేదు, పంతులు లేడు, ప్రతిపాదన కాగితం ఉంటే చాలు. కొద్ది కాలంలోనే 112 విశ్వవిద్యాలయాలు పుట్టినయి! ఒక్క గది అడ్రసు మీద కూడా వర్సిటీ నడిచింది. యూజీసీ మాజీ అధ్యక్షుడు, శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు పోయిండు. 2005 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. చట్టంలోని 5, 6 సెక్షన్లు చెల్లవన్నది కోర్టు. 112 విశ్వవిద్యాలయాలు ఒక్క పూటలో లేకుండా పోయినయి. వాటిలో చేరిన పిల్లల గతి ఏమి? నడుస్తున్న సంస్థలను ఉన్న సర్కారీ వర్సిటీలకు అనుబంధం చేసి పిల్లల్ని కాపాడుకొమ్మని కోర్టే రాష్ట్రానికి చెప్పవలసి వచ్చింది. ప్రైవేటు వాడు కూలితే ఎత్తిపట్టవలసింది మళ్ళీ సర్కారీ వర్సిటీయే.

మన 2018 చట్టం అంత గుడ్డిది కాదు, ఒప్పుకుందాం. ఒక్కొక్క పేరును షెడ్యూల్‌లో చేర్చాలంటే అసెంబ్లీ సవరణ కావాలె. అయినా ఏమైంది? 2022 సెప్టెంబర్‌లో మరో ఐదింటి కోసం సవరణ బిల్లు పాసయింది, గవర్నర్ దగ్గర ఆగింది. సంతకం పడకముందే రెండు సంస్థలు వర్సిటీ పేరుతోటి పిల్లల్ని చేర్చుకున్నయి. 2023లో ఆ తల్లిదండ్రులు రసీదులు చేత పట్టుకొని రోడ్డెక్కిండ్రు. రాజ్‌భవన్‌కు, సెక్రటేరియట్‌కు నడుమ నడిచిన పంతంలో ఇంటర్ పాసై వచ్చిన పిల్లగాని తప్పేమున్నది? అనుమతి లేని వర్సిటీకి అంత పెద్ద హోర్డింగ్ ఎవరు పెట్టనిచ్చిండ్రని ఉన్నత విద్యామండలిని ఆనాడే నిలదీయవలసింది.

ఇటు సర్కారీ వర్సిటీల సంగతి చూడుండ్రి. నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో, నల్లగొండలో మహాత్మాగాంధీ 2007లో, పాలమూరు, శాతవాహన 2008లో పుట్టినయి. జిల్లాకు ఒక వర్సిటీ అన్న మాట విని పాలమూరు తల్లులు ఎంత సంబురపడ్డరో! పుట్టించిండ్రు, పాలు పట్టలేదు. రాష్ట్రం వచ్చినంక 2017లో 1,061 అధ్యాపక పోస్టులకు అనుమతి అన్నరు, నింపలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అన్నరు, అది కూడా గవర్నర్ దగ్గర ఆగింది. పదేండ్లు ఒక్క రెగ్యులర్ నియామకం లేక, మూడింట రెండొంతులకు పైగా పోస్టులు ఖాళీ అయినయి. నియామకాలు అన్న మాట మీదనే కదా మనం రాష్ట్రం తెచ్చుకున్నది? పీహెచ్‌డీ చేసి ఉస్మానియా హాస్టల్లో తల నెరిసిన మన పోరగాడు, చివరికి ప్రైవేట్ వర్సిటీలో యాజమాన్యం ఇచ్చినంత జీతానికి, అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పెట్టుకొని చేరుతున్నడు.

ఇంకొక సంగతి మా మనసును తొలుస్తున్నది. 2009 నవంబర్‌లో ఉస్మానియాలో జేఏసీ పుట్టింది. కాకతీయలో పుట్టింది. గేట్లకు తాళాలు వేసినా, మెస్సులు బంద్ పెట్టినా, ఆ క్యాంపస్‌లు తెలంగాణకు గుండెకాయలై కొట్టుకున్నయి. ఎందుకంటే అక్కడ ఊరి పిల్లలుండిరి, హాస్టలుండె, సంఘాలుండె, సభ పెట్టుకునే చెట్టు నీడ ఉండె. లక్షల ఫీజు కట్టి, హాజరు తగ్గితే ఇంటికి ఫోను పోయే క్యాంపస్‌లో జేఏసీ పుడ్తదా? పుట్టకూడదనే ఈ ఏర్పాటని మేం అనం. కానీ ఉద్యమం మీద ఎక్కివచ్చిన పాలకులకు అటువంటి క్యాంపస్ మీద బెంగ లేదన్నది నిజం.

ప్రైవేట్ అన్నదల్లా పాపమని మా వాదన కాదు. 1929లో చిదంబరంలో రాజా అన్నామలై చెట్టియార్ తన సొంత సొమ్ము 20 లక్షల రూపాయలు ఇచ్చి, తాను నడిపిన కాలేజీలను అప్పగించి విశ్వవిద్యాలయం పెట్టిండు. తమిళ ఇసైకి అది ఇల్లయింది. అక్కడ కూడా తర్వాతి కాలంలో లెక్క తప్పి, జీతాలు ఇయ్యలేని స్థితికి వస్తే, 2013లో తమిళనాడు సర్కారే చట్టం చేసి దాన్ని చేతిలోకి తీసుకున్నది. దాత పెట్టిన దానికే ఆ గతి పట్టింది. వ్యాపారి పెట్టిన దానికి రేపు ఎవరు పూచీ?

చేయవలసింది ఏమిటో తెలువక కాదు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ సర్కారు తన ప్రైవేట్ వర్సిటీలలో 35 శాతం సీట్లను 2021-22 నుంచి కన్వీనర్ కోటా కిందికి తెచ్చింది, ఆ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చింది. ఎవరి పాలన వద్దని కొట్లాడినమో ఆ గడ్డ మీద జరిగిన పని ఇక్కడ జరగలేదంటే సిగ్గుపడవలసిందే. రాజ్యాంగం అడ్డమొస్తదన్న సాకు చెల్లదు. ప్రైవేట్ విద్యాసంస్థల్లో రిజర్వేషన్ల కోసమే 93వ సవరణతో 15(5) అధికరణం వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. 2018 చట్టాన్ని సవరించాలె. కాలేజీ నుంచి వర్సిటీగా మారిన సంస్థల్లో పాత కన్వీనర్ సీట్లను తిరిగి ఇప్పించాలె. ఫీజులను నియంత్రణ కమిటీ కిందికి తేవాలె. అంతకంటే ముందు ఒక్క చిన్న పని చేయుండ్రి. అనుమతి పొందిన ప్రతి ప్రైవేట్ వర్సిటీలో 2020 నుంచి ఏటేటా చేరిన వారిలో తెలంగాణ పిల్లలు ఎంతమంది, ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, బీసీలు ఎందరు, ఒక్కొక్కరు కట్టిన ఫీజు ఎంత, ఈ పట్టికను అసెంబ్లీ బల్ల మీద పెట్టుండ్రి.