తెరమీది బల్ల

కంప్యూటరు నేర్చుకుందామని కూర్చున్న పెద్దవాళ్లను ముందుగా బెదరగొట్టేది యంత్రం కాదు, ఆ తెరమీది పేర్లు. డెస్క్‌టాప్, విండో, ఫోల్డరు, మెనూ! తీరా చూస్తే అన్నీ మన యింటి వస్తువులే. బల్ల, కిటికీ, కాగితాలు పెట్టుకునే అట్ట, హోటల్లో ఫలహారాల పట్టిక. ముఖం చంద్రుడిలా ఉందంటే ఉపమ, ముఖమే చంద్రుడంటే రూపకం అని మేము క్లాసులో చెబుతుంటాం. ఇదీ రూపకమే. తెరనే బల్ల అనుకోమన్నారు, అంతే.

ఈ రూపకం నిన్నమొన్నటిది కాదు. చేతికింద కదిలే మౌసును డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సభాముఖంగా చూపించాడు. జిరాక్సు పరిశోధకులు 1973లో తయారుచేసిన ఆల్టో యంత్రం తెరమీద కిటికీలు తెరుచుకున్నాయి. 1984లో మెకింటాషు, మరుసటి యేడు విండోసు వచ్చి, క్రమంగా వాటిని ఇళ్లలోకి తెచ్చాయి. అంతకుముందు ఆజ్ఞలు కంఠస్థం చేసి, పొల్లుపోకుండా టైపు చేయవలసివచ్చేది. ఇప్పుడు కావలసినదాన్ని చూపించి నొక్కితే చాలును.

అయితే ఏది నొక్కితే ఏమవుతుందో తెలియాలి గదా! మా అక్కయ్య, కాలం చేసిన మా అమ్మ పాడే మంగళహారతులను జ్ఞాపకం తెచ్చుకుంటూ రెండు గంటలు టైపు చేసింది. ఏదో నొక్కేసరికి కిటికీ మాయమైంది. "అమ్మ పాటలు పోయాయిరా తమ్ముడూ!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పోలేదు. విండోసులో కిటికీకి కుడివైపు పైమూల మూడు గుర్తులుంటాయి. గీతను నొక్కితే కిటికీ అడుగు పట్టీలోకి దిగి కూర్చుంటుంది. అక్కడ నొక్కితే మళ్లీ లేచి వస్తుంది. చతురస్రం నొక్కితే తెరంతా పరుచుకుంటుంది. ఇంటూ గుర్తు నొక్కితేనే మూతబడుతుంది. అక్కయ్య నొక్కింది గీతను.

ఇంటూ నొక్కి ఉంటేనో? భద్రపరచమంటారా అని చాలా ప్రోగ్రాములు అడుగుతాయి. తొందరలో వద్దన్నామా, పాటలు పోయినట్టే. రూపకం ఇక్కడే తప్పుతుంది. బల్లమీది కాగితంపై రాసింది లేచి వెళ్లినా ఉంటుంది. తెరమీద రాసింది భద్రపరచినప్పుడే నిలుస్తుంది. కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే ఆ పని చేస్తాయిగాని, అన్నీ చేయవు. అందుకని పేరా పేరాకీ కంట్రోలు మీట అదిమిపట్టి 'ఎస్' నొక్కుతుండాలి. పొరపాటున చెరిపితే అదేవిధంగా 'జడ్' నొక్కండి, తిరిగి వస్తుంది. చెత్తబుట్టలో వేసిన ఫైలును, బుట్ట ఖాళీ చేసేదాకా వెనక్కు తీసుకోవచ్చు. పెన్‌డ్రైవులో చెరిపినది మాత్రం సాధారణంగా ఆ బుట్టలోకి రాదు సుమా!

దాచడం, మూయడం, చెరపడం: ఈ మూడింటి తేడా తెలిస్తే భయం ముప్పాతిక వదిలినట్టే. మిగిలిన పాతికా నేర్పేవారి చేతిలో ఉంది. "ఇలా ఇవ్వండి, నేను చేసేస్తాను" అని మౌసు లాక్కోకండి నాయనలారా. చేతులు కట్టుకుని పక్కన కూర్చోండి. నొక్కేది వాళ్లే నొక్కనివ్వండి.