తేనెటీగల బంకకు లేని మహిమ

ప్రోపోలిస్ అను తేనెటీగల బంక ప్రకృతిసిద్ధమైనది గనుక హాని చేయదనియు, దినమునకు కొన్ని చుక్కలు సేవించినచో రోగనిరోధకశక్తి పెంపొందుననియు ఒక విశ్వాసము కరీంనగరము మొదలు ఆదిలాబాదు వరకు చదువుకొన్నవారి ఇండ్లలో సయితము పాదుకొనుచున్నది. ఇది నిరాధారమని నా దృఢాభిప్రాయము.

తేనెటీగ చెట్ల మొగ్గలపైనను, బెరడు చిట్లినచోటను ఊరు జిగురును కొరికి తెచ్చి, మైనముతో కలిపి, పట్టులోని సందులను పూడ్చుకొనును. లోపల చచ్చిన ఎలుకను బయటికి ఈడ్వజాలనపుడు ఆ కళేబరమును ఈ బంకతోనే కప్పి కుళ్ళకుండ చేయును. ఇందు సూక్ష్మజీవులను చంపు గుణము కలదనుట సత్యము. నోటిపూతకు పైపూతగా కొంత మేలు చేయవచ్చుననియు ఒప్పుకొందును. కాని ప్రయోగశాలలోని గాజుపళ్ళెమున క్రిమిని చంపిన పదార్థము, మ్రింగినపిమ్మట రక్తమున ఎంత నిలుచునో, నిలిచినది ఏ శక్తిని ఎట్లు పెంచునో నిరూపింపక, దానిని బలవర్ధకమని అమ్ముట శాస్త్రము కాదు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2010లో ఇట్టి వాదములను పరిశీలించి, కార్యకారణసంబంధము స్థాపితము కాలేదని తేల్చినది.

ఇక ఇది మన అడవి సొమ్మని ఎవరైన చెప్పినచో అసలు నమ్మరాదు. ఉట్నూరు, జన్నారము అడవులలో ఎత్తైన కొమ్మలకు వ్రేలాడు పెద్ద పెర కొండతేనెటీగది; దానికి గోడలు లేవు, పూడ్చవలసిన సందులును లేవు. తొర్రలలో కాపురముండు పుట్టతేనెటీగ ఈ బంకను దాదాపు వాడదు. పొదలలో అరచేతి వెడల్పు పట్టు పెట్టు చిన్నతేనెటీగ మాత్రము, చీమలు ప్రాకిరాకుండ కొమ్మకు ఇరుప్రక్కల జిగురుపట్టీలు పూయును. వాటిని గీకి సీసాలు నింపుట ఎవరి తరము? బంకను సమృద్ధిగా కూర్చునది 1960వ దశకమున హిమాచలప్రదేశ, పంజాబు ప్రాంతములలో స్థిరపడిన పెంపుడు ఐరోపా తేనెటీగయే. గోండులు, కోలాములు ప్రాణములకు తెగించి దించిన తేనెకు, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారా లభించిన మంచిపేరును ఈ సీసాకు తగిలించుట ఆ గిరిజనులకు చేయు అన్యాయము.

పైగా బంక గుణము చెట్టును బట్టి మారును. ఐరోపాలో పాప్లరు మొగ్గలది ఒక తీరు, బ్రెజిలులోని పచ్చబంక వేరొక తీరు. ఒకదానిపై జరిగిన పరీక్షను మరొకదానికి అన్వయింపరాదు. మన పత్తిచేల నడుమ తేనెపెట్టెలుంచినచో పురుగుమందుల అవశేషములు మైనమునను, జిగురునను నిలిచిపోవుననియు మరువరాదు. ప్రకృతిసిద్ధమైనను ఇది కొందరి చర్మమున దద్దురులు, పెదవుల వాపు కలిగించును. తేనెటీగల ఉత్పత్తులు పడనివారును, ఉబ్బసరోగులును దీనికి దూరముగా నుండవలెను. మధుమేహమును, క్యాన్సరును నయము చేయునని మందులకు ప్రకటనలిచ్చుట 1954 నాటి చట్టముచే నిషిద్ధము; ఆ మాటనే అంగడిలో చెవిలో చెప్పినంత మాత్రమున అది న్యాయము కాజాలదు.

వానకాలమున ఏజెన్సీ గ్రామములలో జ్వరములు ప్రబలినపుడు, బిడ్డకు ఒళ్ళు కాలుచుండగా ఈ చుక్కలు కొనవచ్చిన తల్లికి సీసా ఇచ్చి పంపువాడు ఘోరమైన అపచారము చేయుచున్నాడు. ఆమెకు అప్పుడు కావలసినది వ్రేలినుండి తీసిన రక్తపుచుక్కకు మలేరియా పరీక్ష. ఆ పరీక్షయు, పిమ్మటి మందును ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఉచితముగా లభించును. ఆ మాట చెప్పి ఆమెను అచ్చటికి పంపుట అంగడివాని విధి.