పొలం అమ్మిన డబ్బు

పోయిన ఆదివారం గుత్తివంకాయ కూర పొయ్యి మీద పెట్టి, నువ్వుల పొడి డబ్బా ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటుంటే బెల్లు మోగింది. మా అపార్టుమెంట్లోనే నాలుగో అంతస్తు అమ్మాయి. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు. "అక్కా, ఖాళీగా ఉన్నారా?" అంది. కూర మాడకుండా చూసుకునేంత ఖాళీ ఉంది, లోపలికి రమ్మన్నాను.

సంగతేమిటంటే, వాళ్ల బాబుకి పదమూడేళ్లు. బాడ్మింటన్ బాగా ఆడతాడు. పొద్దున్నే అయిదింటికి బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే నేను పాల ప్యాకెట్లు తీసుకుంటూ రోజూ చూస్తూనే ఉంటాను. వాళ్లాయనకి బాబుని స్కూలు మాన్పించి, పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టించి, రోజంతా ఆట మీదే పెట్టాలని పట్టుదల. కోచింగు ఫీజులు, టోర్నమెంట్లకి ప్రయాణాలు, బూట్లు, ఈకల షటిళ్లు అన్నీ వేలల్లో మాట. అందుకని ఊళ్లో ఎకరం బేరానికి పెట్టారట. ఆ ఎకరం ఈ అమ్మాయికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. సంతకం పెట్టాల్సింది ఈమే. ఫైల్లో ఉన్నది ఆ పాసు పుస్తకం జిరాక్సు.

"ఒక్కసారి పైకొస్తే కోట్లక్కా. ఇంక జీవితంలో డబ్బు గురించి ఆలోచించక్కర్లేదు అంటున్నారు" అంది.

పిల్లాడు పైకొస్తాడా రాడా అన్నది చెప్పడానికి నేనెవర్ని? నాకు షటిల్ కాక్ సరిగ్గా కొట్టడం కూడా రాదు. కానీ "ఇంక ఆలోచించక్కర్లేదు" అన్న మాట దగ్గర మాత్రం నా చేతిలో గరిటె ఆగింది. ఎందుకంటే కోట్లు వచ్చినవాళ్ల సంగతి మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా.

అమెరికా బాక్సర్ మైక్ టైసన్ 1986లో ఇరవై ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ముప్ఫై కోట్ల డాలర్లకి పైగా సంపాదించాడంటారు. బంగళాలు, కార్లు, పెంచుకోవడానికి పులులు కూడా కొన్నాడు. 2003లో దివాలా అర్జీ పెట్టుకున్నాడు. తన డబ్బు చూసినవాళ్లే మోసం చేశారని కోర్టుకి కూడా వెళ్లాడు. బోరిస్ బెకర్ మనలో చాలామందికి దూరదర్శన్‌లో చూసిన గుర్తు. 1985లో పదిహేడేళ్లకే వింబుల్డన్ గెలిచాడు. అతను 2017లో లండన్‌లో దివాలా తీశాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆస్తులు దాచాడని 2022లో జైలు శిక్ష పడింది. మన దేశంలో వినోద్ కాంబ్లీ 1993లో వరసగా రెండు టెస్టుల్లో రెండు డబుల్ సెంచరీలు కొట్టాడు. ఇరవై మూడేళ్లకే చివరి టెస్టు ఆడేశాడు. 2022లో, క్రికెట్ బోర్డు ఇచ్చే ముప్ఫై వేల పెన్షనే నాకు ఆధారం, ఏదైనా పని ఇప్పించండి అని అడిగాడు. పాపం, అతని రోజుల్లో ఐపీఎల్ కోట్లు లేవనుకోండి.

తాగుడు, జల్సాలు, చెడు సావాసం అని మనం చప్పున తేల్చేస్తాం. కొందరి విషయంలో నిజమే కావచ్చు. అందరి సంగతీ అది కాదు. 2015లో అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు కలిసి, 1996 నుంచి 2003 దాకా అక్కడి ఫుట్‌బాల్ లీగు జట్లు ఎంపిక చేసుకున్న ఆటగాళ్ల లెక్కలన్నీ తీశారు. ఆట మానేసిన పన్నెండేళ్లలో వందకి దాదాపు పదహారు మంది దివాలా తీశారట. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. ఎక్కువేళ్లు ఆడినవాళ్లు, ఎక్కువ సంపాదించినవాళ్లు దీన్నించి తప్పించుకోలేదు. తక్కువ వచ్చినవాళ్లూ, ఎక్కువ వచ్చినవాళ్లూ ఇంచుమించు ఒకే తీరుగా దివాలా తీశారు. అంటే తేడా డబ్బు ఎంతొచ్చింది అన్నదాంట్లో లేదన్నమాట.

మరి ఎక్కడుంది? కూర దించేసి, కేలండర్ వెనకాల ఇద్దరం లెక్క వేశాం. పాల లెక్క రాసుకునే కేలండరే లెండి. ఒక కుర్రాడికి ఏడాదికి కోటి రూపాయల చొప్పున నాలుగేళ్లు వచ్చిందనుకుందాం. పేపర్లో నాలుగు కోట్లు అని పడుతుంది, బంధువులందరూ ఆ నాలుగే గుర్తు పెట్టుకుంటారు. అందులో మూడో వంతు ఇన్‌కం టాక్సుకి పోతుంది. మేనేజరు, ట్రైనరు, ఫిజియో, ప్రయాణాలకి నాలుగేళ్లకీ కలిపి నలభై లక్షలు వేసుకోండి. మిగిలేది రెండు కోట్ల పాతిక లక్షల చిల్లర. ఇంతకాలం కష్టపడిన అమ్మానాన్నలకి ఇల్లు కొనకుండా ఎలా? కోటీ ఇరవై. చెల్లెలి పెళ్లి నలభై. మంచి కారు పాతిక. ఇందులో ఒక్క ఖర్చయినా తప్పుడు ఖర్చా చెప్పండి? మనమైనా ఇలాగే పెడతాం. చివరికి చేతిలో నలభై లక్షలు. బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే నెలకి ఇరవై మూడు వేలు. అప్పటికి అతని వయసు ముప్ఫై. ఇంకా పెళ్లి చేసుకోవాలి, పిల్లల్ని చదివించాలి. చేతిలో డిగ్రీ లేదు.

లెక్క చూసి ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

మనకిది కొత్త కథేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ప్రాంతాలవాళ్లకి కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు తెలియకుండా ఉండదు. అక్కడ ఆయన పేరు మీద స్టేడియం ఉంది, విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది. వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో వ్యాయామం నేర్పే మాస్టారుగా ఉండి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా, విదేశాలూ తిరిగారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకునేవారు. ఒంటికి కట్టిన ఇనప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంపేవారు. రెండు వైపులా రెండు కార్లు కట్టి నడిపితే కదలనిచ్చేవారు కాదు. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి చూసి మెచ్చుకున్నారు. ఇంతా చేసి పూర్తి శాకాహారి. మా తాతగారు పప్పన్నం తినమని బలవంతపెట్టేటప్పుడల్లా ఈయన పేరే చెప్పేవారు.

ఆ రోజుల్లోనే ఆయన లక్షలు సంపాదించారు. ఎంతోమందికి దానం చేశారు, జాతీయోద్యమానికి ఇచ్చారు. సర్కస్ అంటే ఆట ఉన్న రోజూ లేని రోజూ ఏనుగులు తినాలి, మనుషులు తినాలి. కాలికి దెబ్బ తగిలి, చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. ఒంటి బలమే జీవనాధారమైన మనిషికి కాలు పోతే ఇంకేముంది? లక్షలు కరిగిపోయాయి. చివరి రోజులు ఒడిశాలో ఒక సంస్థానాధీశుడి పోషణలో గడిపి, 1942 జనవరిలో పోయారు. తాగుబోతు కాదు, జూదరి కాదు. ఇచ్చే చెయ్యి ఆగలేదు, వచ్చే దారి మూసుకుపోయింది. మన సినిమావాళ్లలో చిత్తూరు నాగయ్య గారిదీ ఇంచుమించు ఇదే కథ. సావిత్రి గారి సంగతి 2018లో మహానటి చూసి మనమంతా ఏడ్చాం కాబట్టి మళ్లీ చెప్పను.

అంత దూరం కూడా ఎందుకు? మేము కొండాపూర్ వచ్చిన కొత్తలో మాకు పాలు పోసే పెద్దమ్మ ఉండేది. మాదాపూర్ వైపు వాళ్లకి నాలుగెకరాలు ఉండేవి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటిదాకా రాళ్లూ రప్పలూ అనుకున్న చోట భూముల ధరలకి రెక్కలొచ్చాయి. వీళ్లు రెండు విడతలుగా అమ్మేశారు. రెండంతస్తుల ఇల్లు, ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు, పెద్ద కొడుక్కి జీపు, చుట్టాలకి అప్పులు, ఎవరో పెట్టిన చిట్టీ కంపెనీలో కొంత. ఏడెనిమిదేళ్లు ఆ ఇల్లు పెళ్లివారిల్లులా ఉండేది. తర్వాత చిన్న కొడుకు క్యాబ్ నడిపాడు. వాళ్ల పొలంలోనే లేచిన అద్దాల భవనాల్లోకి ఉద్యోగుల్ని దింపేవాడు. ఒకరోజు పెద్దమ్మ మా గుమ్మంలో కూర్చుని అంది: "భూమున్నప్పుడు ఏటా ఎంతో కొంత పండేది బిడ్డా. పైసలైతే ఒక్కపారే వచ్చినయ్. మల్ల పండలే."

నాలుగో అంతస్తు అమ్మాయికి ఈ మాటే చెప్పాను. ఆటగాడికి వచ్చేది జీతం లాగా కనిపిస్తుంది కానీ జీతం కాదమ్మా. వాడి ఒళ్లే వాడి పొలం. ఏడాదికి ఇంత చొప్పున ఆ పొలం ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోతుంది. మనమేమో దాన్ని పంట డబ్బు అనుకుని, వచ్చే ఏడు మళ్లీ వస్తుందిలే అని ఖర్చు పెడతాం. ఒక్క మోకాలు చాలు, రాకపోవడానికి. దానికి తోడు చిన్నప్పట్నించీ అన్నీ ఎవరో ఒకరు చూసిపెడతారు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో తెలియని పిల్లాడి చేతిలో ఇరవై రెండేళ్లకి కోటి రూపాయల చెక్కు పెడతారు.

ఈ మాటంటే మా వీధిలో సాఫ్ట్‌వేర్ వాళ్లు కొందరు నవ్వుతారు. 2023లో ఎన్నో కంపెనీలు ఉద్యోగాలు తీసేసినప్పుడు, ముప్ఫై అయిదేళ్లవాళ్లు రెండు ఫ్లాట్ల కిస్తీలు ఎలా కట్టాలో తెలియక తల పట్టుకోవడం చూశాను. వాళ్లకి కనీసం డిగ్రీ ఉంది, మరో కంపెనీ ఉంది.

అలాగని అందరూ పోగొట్టుకుంటారా? లేదు. మన హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు. వాళ్ల నాన్న ఆటో నడిపేవారు. 2017 వేలంలో సన్‌రైజర్స్ వాళ్లు 2.6 కోట్లకి తీసుకున్నారు. నాన్నని ఆటో మానేయమన్నాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అందరూ ఫొటోలో యూనిఫారం చూశారు. నాకు మాత్రం, బౌలింగు ఆగిపోయాక కూడా ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పడుతుందన్నదే కనిపించింది. వెనకటి ఆటగాళ్లు రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం పట్టుకుని ఆడింది అందుకే. ఇక పుల్లెల గోపీచంద్ గారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, కూల్ డ్రింకు ప్రకటన వద్దన్న మనిషి. ఇల్లు తాకట్టు పెట్టి మన గచ్చిబౌలిలో అకాడమీ కట్టి, సైనానీ సింధునీ ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లారు. అలాంటాయనే 2025లో, డబ్బున్న కుటుంబమో, ఇంట్లో వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటనే నమ్ముకోమని నేను చెప్పలేను అన్నారు. చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం, లోపలుండి చూసిన మనిషి మొహమాటం లేకుండా చెప్పారనిపించింది.

"అయితే ఆట మాన్పించమంటారా?" అంది ఆ అమ్మాయి, కళ్లల్లో నీళ్లతో.

మాన్పించమని ఎందుకంటాను? ఆడనీ. స్కూలు మాత్రం వదలొద్దన్నాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆడుతున్నాడు. పదో తరగతి దాకా అలా సాగనిచ్చి అప్పుడు చూడండి. ఆట ఖర్చు మీ జీతంలోంచి ఎంత పెట్టగలరో అంతే పెట్టండి. రేపు గెలిచి డబ్బొస్తే, పిల్లాడి పేరు మీద వేరే ఖాతా తెరిచి, ప్రతిసారీ మూడో వంతు పన్ను కోసం పక్కన పడేయండి. అడ్వాన్స్ టాక్సు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల పదిహేనో తారీఖుకల్లా కట్టాలి, మర్చిపోతే వడ్డీ పడుతుంది. మిగతాదాంట్లోంచి నెల నెలా జీతంలా కొంచెమే ఇంటికి తీసుకోండి. చుట్టాల అప్పులకి హామీ సంతకాలు పెట్టనివ్వకండి. హోటలు పెడదాం రా బావా అని వచ్చేవాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లకి భోజనం పెట్టి పంపండి. ముందు వాడితో ఇంటి ఖర్చు పుస్తకం రాయించండి, ఈ నెల నుంచే. పదమూడేళ్లవాడికి కూడికలు రావా?

ఆయన మాత్రం రెండ్రోజులు ముభావంగా ఉన్నారట. మూడో రోజు నుంచి పిల్లాణ్ణి తనే అయిదింటికి దింపుతున్నారు. ఖర్చు పుస్తకంలో మొదటి పేజీ పిల్లాడు నాకు లిఫ్టు దగ్గర చూపించాడు. షటిళ్ల ఖర్చు ఎర్ర ఇంకుతో రాశాడు.

అన్నట్టు, పాసు పుస్తకం జిరాక్సు ఆ రోజు మా భోజనాల బల్ల మీదే మర్చిపోయి వెళ్లింది. తీసుకెళ్లమని ఫోన్ చేస్తే, "మీ బీరువాలో పెట్టెయ్యండక్కా, ఇప్పుడు దాంతో పనేం లేదు" అంది.