ఒక్కరికి ఒక్క నవల



ఈ సంచిక పనులు మొదలుపెట్టేముందు మన ప్రవాస తెలుగు సంఘం సభ్యులను ఒక ప్రశ్న అడిగాం. తోటివారికి ఒక తెలుగు నవల చదవమని చెప్పాల్సి వస్తే ఏది చెబుతారని. జవాబులు బాగానే వచ్చాయి, చాలా మర్యాదగా వచ్చాయి. వేయిపడగలు, మాలపల్లి, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర. ఏ ఎమ్మే తెలుగు సిలబస్‌లోనైనా ఉండదగ్గ పేర్లే అన్నీ. తర్వాత ఉగాది భోజనాల దగ్గర అదే మనుషులను ఇంకోలా అడిగాం. మిమ్మల్ని తెల్లారేదాకా నిద్రపోనివ్వని నవల ఏది? ఈసారి ముఖాలు వెలిగాయి. ‘తులసిదళం’ అన్నారొకరు, ఆ రాత్రి బాత్రూంకి వెళ్లడానికి కూడా భయపడ్డానంటూ. గూఢచారి షాడో పుస్తకాలన్నారు ఇంకొకరు, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. ‘సెక్రటరీ’లో హీరో రాజశేఖరం మాట వచ్చేసరికి ఒక పెద్దావిడ చేతిలో పులిహోర ప్లేటు అలాగే ఉండిపోయింది.

రెండు జాబితాలూ మనవే. మొదటి జాబితాలోని పుస్తకాలకు మనం దణ్ణం పెడతాం. రెండో జాబితాలోవి మనచేత చదవడం అలవాటు చేయించాయి. చిత్రమేమిటంటే, ఇంకొకరికి పుస్తకం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ రెండో జాబితాను దాచేస్తాం. ఎదుటివాళ్లకు ఏది నచ్చుతుందన్న ఆలోచన కన్నా, ఈ పేరు చెబితే మన గురించి ఏమనుకుంటారన్న ఆలోచన ముందుకొస్తుంది. అడిగినవాళ్లు ఆ పెద్ద పుస్తకం తెచ్చుకుంటారు, ఇరవై పేజీలు చదివి అరలో పెడతారు, తెలుగు నవల మనవల్ల కాదని తేల్చుకుంటారు. పుస్తకం తప్పేం లేదు. తప్పు వేళకు తప్పు చేతికి వెళ్లిందంతే.

‘వదలకుండా చదివించింది’ అన్న మాటను మన విమర్శకులు చాలాకాలం తక్కువ చేసి చూశారు. కాలక్షేపం అన్నారు, క్షుద్రసాహిత్యం అన్నారు. వాళ్ల మాటల్లో కొంత నిజం ఉంది. కారున్న హీరో, కంటతడి హీరోయిన్ల మూసలో వచ్చిన నవలలు లెక్కలేనన్ని. చేతబడుల నవలలు కొన్ని భయాన్ని పోగొట్టకుండా పెంచి వదిలేశాయి. కానీ పాఠకుడిచేత పేజీ తిప్పించడం ఒక విద్య. అది ఊరికే రాలేదు, పత్రికలు నేర్పాయి. సీరియల్ రాసే రచయితకు ప్రతి సంచికా ఒక పరీక్షే. ఈ సంచిక ముగింపులో వచ్చే సంచిక కొనడానికి కారణం పెట్టాలి. ప్రపంచమంతటా ఇంతే. అలెగ్జాండర్ డ్యూమా ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ 1844 నుంచి 1846 దాకా పారిస్ దినపత్రికలో దఫదఫాలుగా వచ్చిందే. మన దగ్గర యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చాయి.

అంతకు ముందే కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారి చిన్న చిన్న నవలలు రైల్వే స్టేషన్లలో అమ్ముడయ్యేవి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు తెలుగిళ్లలో చుట్టాల్లా తిరిగారు. వీటికి తోడు అద్దె పుస్తకాల షాపులు. రోజు దాటితే ఇంకో రోజు అద్దె పడేది. కాబట్టి అక్క చదివేసి చెల్లెలికి, చెల్లెలు చదివేసి పక్కింటికి, మర్నాడు సాయంత్రానికల్లా పుస్తకం మళ్లీ షాపుకి. ఆ అట్టలు చిరిగిన పుస్తకాలే మనలో సగం మందికి తెలుగు వాక్యం మీద పట్టునిచ్చాయి. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

నాది రంగారెడ్డి జిల్లా జల్‌పల్లి. మా వైపు వాళ్లకు ఇంకో సిగ్గు కూడా ఉండేది. నవలలంటే కోస్తా వాళ్లవి, మనకు పాటలూ పోరాటాలే అన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నాం. అలా అన్నవాళ్లకు మాదిరెడ్డి సులోచన పేరు చెప్పాలి. ఆవిడ పుట్టింది మా పొరుగున శంషాబాద్‌లో. సైన్సు టీచరు. డెబ్బై దాకా నవలలు రాశారు. వాటిలో కొన్ని సినిమాలయ్యాయి కూడా. ఇవాళ శంషాబాద్ అనగానే మనకు గుర్తొచ్చేది విమానాశ్రయం, సూట్‌కేసు తూకం, బయట ఎదురుచూసే చుట్టాలు. ఒకప్పుడు అద్దె షాపుల్లో చేతులు మారిన ఎన్నో నవలల వెనక ఆ ఊరి ఆడపడుచు ఉందన్న సంగతి మన సభల్లో ఎవరూ అనగా వినలేదు. ఆవిడ కథల్లో చదువుకున్న ఆడపిల్లలుంటారు, ఉద్యోగాలు చేస్తారు, ఇంట్లో ఎదురు మాట్లాడతారు. మన అమ్మలు, పెద్దమ్మలు వాటిని ఎందుకంత ఇష్టంగా చదివారో ఇప్పుడు చదివితే అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. కట్టిపడేసే నవల అంటే హత్య జరగాలని లేదు. ఒక్కో పుస్తకం ఒక్కో తాడుతో కడుతుంది. ‘ఏం జరిగింది’ అన్న తాడు ఒకటి. కేశవరెడ్డి గారి ‘మునెమ్మ’లో ఎద్దును అమ్మడానికి వెళ్లిన మొగుడు తిరిగి రాడు. మునెమ్మ వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పుస్తకం సన్నది, ఊపిరి తీసుకోనివ్వదు. ఆయనదే ‘అతడు అడవిని జయించాడు’. ఈనబోతున్న పంది కోసం ఒక ముసలాయన అడవిలోకి వెళ్తాడు, అంతే కథ. ఆ చీకటిలో పాఠకుడు కూడా అతని వెనకే నడుస్తాడు. కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. క్లుప్తంగా రాయడం ఆయన పద్ధతి.

‘వీళ్లకు బుద్ధి చెప్పేవాడు రాడా’ అన్న కోపం ఇంకో తాడు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ అలాంటిది. నిజాం కాలపు తెలంగాణ పల్లెకు బతుకుతెరువు కోసం ఒక గాయకుడు వస్తాడు. అక్కడి దొరతనం, గడీ, ఆ గడీలోని ఆడవాళ్ల బతుకులు కొత్తవాడైన అతని కళ్లతో మనకు కనిపిస్తాయి. చరిత్ర పాఠం అనుకుని మొదలుపెట్టినవాళ్లు కూడా కథ ఏమవుతుందో అని చివరిదాకా పరుగెత్తుతారు.

నవ్వు మూడో తాడు. పెద్దలను వేధించే పిల్లవాడిలా పుస్తకం మనల్ని వదలదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టర్ పార్వతీశం’కు దాదాపు నూరేళ్లు. మొగల్తూరు నుంచి బారిష్టరు చదువుకు సీమకు బయలుదేరిన కుర్రాడి కథ. మన సంఘంలో ప్రతి ఒక్కరూ ఆ మొదటి ప్రయాణంలో తమను తాము చూసుకుంటారు. విదేశీ జీవితం మీద ఎంత కొత్త నవల వచ్చినా, కొత్తగా వచ్చిన విద్యార్థికి నేను ముందిచ్చేది ఇదే. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ కూడా ఇదే అరలోది. జంధ్యాల తీసిన సినిమా చూసినవాళ్లకు కూడా పుస్తకంలో మిగిలిన నవ్వు బోలెడుంది.

నాలుగో తాడు ఒకే మనిషి మనసు. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా. సంఘటనలు కావాలనేవాళ్లకు ఇది ఇవ్వకండి. ఉస్మానియా హాస్టల్లో ఉండి, మెస్ బిల్లు గురించి బెంగపడి, క్లాసులో ఒకరివైపే చూస్తూ గడిపిన మనిషికి ఇవ్వండి. ఫోన్ చేసి మిమ్మల్ని తిడతాడు, నా సంగతులన్నీ ఈయనకెవరు చెప్పారని.

ఇందుకే మనిషిని చూసి పుస్తకం చెప్పాలంటున్నాను. జల్‌పల్లిలో మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోన్లో సిరీస్‌లు చూడటంలో దిట్ట. ఒకరోజు అడిగింది: “మామా, ఫోన్ పక్కకు పెట్టి చదివేటట్టుండే తెలుగు నవల ఒక్కటి చెప్పు. నీతులు చెప్పేది మాత్రం వద్దు.” నేను మునెమ్మ పేరు చెప్పి ఊరుకున్నాను. రచయిత గొప్పతనం, అవార్డులు, తెలుగు నవలా వికాసం, ఏవీ చెప్పలేదు. మొగుడు సంతకు పోయి తిరిగి రాలేదు, తర్వాత ఏమైందో నువ్వే చదువుకో అన్నాను. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. “మామా, ఇసొంటివి ఇంకేమన్న ఉన్నయా?” చిత్తూరు యాస తనకు కొత్త. అయినా అడ్డం రాలేదు. కథ లాగుతుంటే యాస దానంతటదే అలవాటైపోతుంది. ఇప్పుడు తన చేతిలో చిల్లర దేవుళ్లు ఉంది. ఏదో ఒక రోజు వేయిపడగలు కూడా అడుగుతుంది. పి.వి. నరసింహారావు గారు హిందీలోకి ‘సహస్రఫణ్’గా తీసుకెళ్లిన ఆ నవలను అందుకోవడానికి ముందు నాలుగు నవలలు చదివిన ఊపు ఉండాలి.

మనిషిని చూసి పుస్తకం చెప్పాలన్న మర్మం మన పెద్దలకు బాగా తెలుసు. తెలుగు పుస్తకమే అరుదైన హైదరాబాద్ సంస్థానంలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పుట్టింది. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. ఆయన పుస్తకాలు అచ్చువేసి కొట్లో కూర్చోలేదు, మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఎదుటి మనిషితో మాట్లాడి, వాళ్లకు పనికొచ్చే పుస్తకం చేతిలో పెట్టేవారు. తర్వాత ఆయనే ‘ప్రజల మనిషి’ రాసి తెలంగాణ నవలకు దారి వేశారు. పుస్తకాల షాపు లేని చోట పాఠకుడి మాటే షాపు. ఆనాటి సంస్థానానికి అది ఎంత నిజమో, మనం ఉంటున్న ఈ ఊళ్లకు కూడా అంతే నిజం. ఇక్కడి లైబ్రరీలో తెలుగు అర దొరికితే అదృష్టం. దొరికినా ఏది తియ్యాలో చెప్పేవాళ్లుండరు.

ప్రవాసంలో మంచి ఉదాహరణలు లేకపోలేదు. డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి సభ్యులు ఏళ్ల తరబడి కలుసుకుని పుస్తకాలు చదివి చర్చిస్తున్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీ 1997లో చంద్రలత ‘రేగడి విత్తులు’ను, 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ను ముందుకు తెచ్చింది. కొండపొలం ఇంకా చదవనివారికి ఒక్క మాట. ఉద్యోగం దొరకని బీటెక్ కుర్రాడు కరువు కాలంలో తండ్రి వెంట గొర్రెలు తోలుకుని నల్లమలకు వెళ్తాడు. అడవిలో పులి ఉంది. 2021లో వచ్చిన సినిమా చూశాం కదా అనుకోకండి, అడవి పుస్తకంలోనే ఎక్కువ ఉంది. యద్దనపూడి సులోచనారాణి గారు 2018లో కన్నుమూసింది కాలిఫోర్నియాలోని కూపర్టినోలో. ఒక తరం ఆడవాళ్లచేత పుస్తకం పట్టించిన మనిషి చివరి రోజులు మన ప్రవాసుల మధ్యే గడిచాయి.

ఈ సంచిక నుంచి ‘ఒక్కరికి ఒక్క నవల’ శీర్షిక మొదలవుతోంది. నియమాలు తక్కువ. ఒకే నవల పేరు రాయాలి. ఎవరికి చెబుతున్నారో రాయాలి. రాత్రి డ్యూటీ చేసే తమ్ముడికా, మనవల దగ్గరకు వచ్చి పొద్దుపోక కూర్చున్న అత్తగారికా, తెలుగు చదవడం మొన్ననే నేర్చుకున్న అమ్మాయికా. కథ ముడి చెప్పాలి, ముగింపు చెప్పకూడదు. మొదటి పేజీల్లో ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. యాస కావచ్చు, పాత్రలు ఎక్కువ కావచ్చు. పది పేర్ల జాబితాలు మాత్రం వేసుకోం. పది పేర్లు విన్నవాళ్లు ఒక్కటీ చదవరు. చదవడం రానివాళ్లకు, కారులో గంటలు గడిపేవాళ్లకు ఆడియో దొరికితే ఆ వివరం కూడా రాయండి.

సెలవులకు ఊరెళ్లేవారికి చిన్న మనవి. సూట్‌కేసులో పచ్చళ్లకు ఇచ్చిన తూకంలో రెండు కిలోలు పుస్తకాలకు వదలండి. కోఠిలో, కాచిగూడలో పుస్తకాల షాపులున్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నవలలు దొరుకుతాయి. శీతాకాలంలో వెళ్లేవారికి హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఉండనే ఉంది. మాదిరెడ్డి సులోచన నవలలు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం నాకూ ఒకటి తీసిపెట్టండి, డబ్బులిస్తాను.

వచ్చే సంచికకు మీ సిఫార్సులు నెలాఖరుకల్లా పంపండి. ఎవరికి చెప్పారో వాళ్లు చదివారా లేదా అన్నది కూడా తర్వాతి సంచికల్లో అడుగుతాం. చదవలేదంటే ఆ నవలను తప్పుపట్టం. ఇంకో నవల చెబుదాం.

— సంపాదకుడు